ఆగిన ట్రాక్టరు: ముందు ట్యాంకు చూడండి, పంపు తరువాత



అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్నారు పెద్దలు. నల్లరేగడి సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు. వాన వెలిసిన మరునాడే చేలో దిగితే గొర్రుకు బురద ముద్ద కడుతుంది. వారం ఆగితే నేల బిగుసుకుని పెడ్డలు లేస్తుంది. నడుమ దొరికే రెండు మూడు రోజులే అదను. సరిగ్గా ఆ రెండు మూడు రోజులలోనే మన పాత ట్రాక్టరు చేను మధ్య దగ్గి, నాలుగు సార్లు పొగ కక్కి, నిలబడిపోతుంది.

అటువంటప్పుడు మన నోట వచ్చే మొదటి మాట "పంపు పోయిందండీ" అని. కాని నడుస్తున్న డీజిల్ ఇంజను ఉన్నట్టుండి ఆగినప్పుడు పంపును అనుమానించవలసినది అన్నిటికన్న చివర. మొదట అనుమానించవలసినవి మూడు: గాలి, నీరు, మురికి. ఈ మూడింటిని పట్టుకోడానికి రెండు పానాలు, ఒక గాజు సీసా, ఒక శుభ్రమైన గుడ్డ చాలును. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టరాదు. ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టి, డీజిల్ ఏ దారిన నడుస్తుందో ఆ దారినే మనమూ ఒక్కొక్క అడుగు నడుస్తూ చూడవలెను. నేను చెప్పదలచినది ఇంతే. తక్కినదంతా దీని వివరమే.

నేను మెకానిక్కును కాను. వ్యవసాయ డిప్లొమా చదివి, శాఖ పనిమీద ఊరూరా తిరిగేవాణ్ణి. విత్తనం గురించి, ఎరువు గురించి, పురుగు మందుల గురించి ఎన్ని మాటలు చెప్పినా, ట్రాక్టరు ఆగిన రోజున ఆ మాటలు చేలో విత్తనం వేయలేవు. ఒక కౌలు రైతుకు కలిగిన నష్టం కళ్లారా చూశాక ఈ సంగతి శ్రద్ధగా నేర్చుకున్నాను. ఆ రైతు కథ కొంచెం ఆగి చెబుతాను.

ముందు మన పాత బండ్ల సంగతి. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలిన తరువాత పల్నాటి సేద్యం తీరు మారింది. కుడికాలువ కింద వరి వచ్చింది. మెట్టన పత్తి, మిరప పెరిగాయి. ఎడ్లతో తెమలని పనికి ట్రాక్టర్లు వచ్చాయి. మహీంద్రా వారి ఇంటర్నేషనల్ బి-275, 1960లో మద్రాసులో స్థాపించిన టాఫే వారి మాసీ ఫెర్గూసన్, 1971 నుంచి పింజోరులో తయారైన హెచ్.ఎం.టి. జీటర్, 1974 నుంచి స్వరాజ్: ఇలాంటి బండ్ల పేర్లు పాత డ్రైవర్ల నోట ఇప్పటికీ వినబడతాయి. వాటి తరువాత వచ్చిన అదే రకం బండ్లు ఇరవై, ముప్పై ఏళ్లు నడిచి, మూడు నాలుగు చేతులు మారి, చివరకు చిన్న రైతుకో కౌలు రైతుకో చేరుతున్నాయి. దమ్ము చేసేది అవే, మిరపకు మందు కొట్టేది అవే, గుంటూరు యార్డుకు టిక్కీలు తోలేది అవే. హెచ్.ఎం.టి. ట్రాక్టరు విభాగం మూసివేతకు కేంద్ర ప్రభుత్వం 2016లో ఆమోదం ఇచ్చింది. కనుక అటువంటి బండి ఉన్నవారు ఉన్న భాగాలను మరింత జాగ్రత్తగా కాపాడుకోవలెను.

పాత బండికి ఒక గొప్ప గుణం ఉంది. దాని డీజిల్ బాటలో కంప్యూటరు లేదు, కంటికి కనబడని తీగలు లేవు. అన్నీ గొట్టాలు, నట్లు, వాషర్లు. చూసి తెలుసుకోవచ్చు. 2023 నుంచి 50 హార్సుపవరు దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు అమలులోకి రావడంతో, వాటిలో కంప్యూటరు అదుపున నడిచే కామన్ రైలు పద్ధతి వచ్చింది. అందులో డీజిల్ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు వెయ్యి కిలోలు దాటుతుంది. ఆ బండ్ల గొట్టాలను మనం విప్పరాదు. ఇక్కడ చెప్పేదంతా పాత రకపు పంపు ఉన్న బండ్లకు మాత్రమే.

ఇక డీజిల్ ఇంజను ఎలా మండుతుందో రెండు మాటల్లో చెప్పుకుందాం. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మీరెరిగినదే. డీజిల్ ఇంజనులో జరిగేదీ అదే. సిలిండరులో గాలిని బాగా నొక్కితే అది విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిల్‌ను పొగమంచులా చిమ్మితే భగ్గున మండుతుంది. నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు అక్కరలేదు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1893లో ఈ పద్ధతికి పేటెంటు పొంది, 1897లో ఇంజనును నడిపి చూపాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపారు. శనగనూనెతో సైతం నడిచిన ఈ ఇంజను, డీజిల్‌లో కలిసిన ఇసుక రేణువును మాత్రం భరించలేదు. ఎందుకో చూడండి.

ట్యాంకు నుంచి డీజిల్ కొళాయి ద్వారా దిగి, మడ్డి నిలిచే గిన్నె ఉన్న బండ్లలో ఆ గిన్నె దాటి, ఫీడ్ పంపుకు వస్తుంది. ఫీడ్ పంపు దాన్ని ఫిల్టర్లకు తోస్తుంది. ఫిల్టర్లలో వడకట్టుకుని పెద్ద పంపుకు చేరుతుంది. పెద్ద పంపు ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఇనుప గొట్టంలో కొలిచి కొట్టగా, చివర నాజిల్ దాన్ని చిమ్ముతుంది. మిగిలినది తిరుగు గొట్టంలో వెనక్కి పోతుంది. సాగరు నీరు పెద్ద కాలువ దిగి, మేజరు దాటి, తూము దాటి, పంటబోదెలో పడి చేనికి చేరినట్లే ఇదీను. చివరి భూములకు నీరు అందకపోతే మనం పై తూము దగ్గరకు పోయి చూస్తాం గాని, చేను తవ్వి చూడం గదా! ట్రాక్టరు విషయంలోనూ అదే తెలివి చూపవలెను.

ట్యాంకు నుంచి పెద్ద పంపు వరకు ఉన్నది తక్కువ ఒత్తిడి దారి. ఇది మీ చేతిలోని పని. పెద్ద పంపు నుంచి నాజిల్ వరకు ఎక్కువ ఒత్తిడి దారి. ట్రాక్టరు ముందు టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. నాజిల్ తెరుచుకోడానికి పాత బండ్లలోనే నూట యాభై కిలోలకు పైగా కావాలి. అంత ఒత్తిడి పుట్టించవలసిన పంపులో కడ్డీకీ, దాని గొట్టానికీ నడుమ సందు మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకన్న సన్నం. అందులో ఇసుక పడితే గీత పడుతుంది. నీరు చేరితే తుప్పు పడుతుంది. పైగా ఆ కడ్డీలకు కందెన వేరే లేదు, లోపల నడిచే డీజిలే కందెన. అందుచేతనే కిరసనాయిలు కలిసిన డీజిల్ పంపును త్వరగా అరగదీస్తుంది. కారెంపూడిలో బ్రహ్మనాయుడి చాపకూడు తెలియని వారు పల్నాడులో ఉండరు. అందరికీ ఒకే వడ్డన. పంపు చేసేదీ చాపకూడే. మూడు సిలిండర్లుంటే మూడింటికీ, నాలుగుంటే నాలుగింటికీ సమానంగా వడ్డించాలి. వడ్డన తప్పితే ఇంజను కుంటుతుంది.

ఇప్పుడు ఆ కౌలు రైతు కథ చెబుతాను. గురజాల వైపు ఒక ఊళ్లో ఆయన ఆరెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేయ సంకల్పించాడు. బండి పాతదే గాని ఇంజను మంచిది. తొలకరి పడింది, అదను వచ్చింది, గొర్రు తగిలించాడు. అరగంట నడిచి బండి ఆగింది. గంటసేపు ఆగి సెల్ఫు కొడితే స్టార్టయింది. మళ్లీ అరగంటకు ఆగింది. మెకానిక్కు వచ్చి "పంపు అరిగిపోయింది" అని పంపు విప్పి పట్నం పంపాడు. అది తిరిగి రావడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పు చేసి డబ్బు కట్టాడు. పంపు బిగించారు. అరగంట నడిచి బండి మళ్లీ ఆగింది!

అప్పటికి నేల ఆరిపోయింది. చుట్టుపక్కల చేలలో విత్తనం మొలకెత్తింది. ఆ సమయంలో లారీలు తోలి మానుకున్న ఒక పెద్దాయన అటుగా వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ముందు ఆ మూతి మీద కట్టిన గుడ్డ తియ్యరా అబ్బాయా" అన్నాడు. ట్యాంకు మూత ఎప్పుడో పోయింది. వాన నీరు పడకుండా రైతు పాలిథిన్ కవరు వేసి, పైన గుడ్డ చుట్టి, సైకిలు ట్యూబు ముక్కతో గట్టిగా బిగించాడు. గుడ్డ తీసి చూస్తే కవరు ట్యాంకు లోపలికి గుంజుకుపోయి ఉంది. ట్యూబు ఊడదీయగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. ఆ పూట బండి చీకటి పడేదాకా ఆగలేదు.

కారణం ఇంట్లో ఆడవారందరికీ తెలిసినదే. నూనె డబ్బాకు ఒకే బెజ్జం పెట్టి వంచితే నూనె నాలుగు చుక్కలు పడి ఆగిపోతుంది. రెండో బెజ్జం పెడితే ధార కడుతుంది. డీజిల్ బయటకు పోయిన మేరకు గాలి లోపలికి రావాలి. అందుకోసమే ట్యాంకు మూతకు సన్నని బెజ్జం ఉంచుతారు. అది మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి డీజిల్ దిగదు. బండి ఆగి ఉన్నప్పుడు మెల్లగా గాలి చేరుతుంది కనుక కాసేపటికి మళ్లీ స్టార్టవుతుంది. ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఈ జబ్బు త్వరగా కనబడుతుంది, తక్కువ ఉన్నప్పుడు ఆలస్యంగా కనబడుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దారిన, దాచేపల్లి సిమెంటు లారీల వెంట తిరిగే బండ్ల మూతల మీద దుమ్ము, డీజిల్ కలిసి పేస్టులా గట్టిపడి ఆ బెజ్జం మూసుకుపోతుంది. కొత్తగా రంగు వేయించినప్పుడు రంగుతోనూ పూడుతుంది. గుండుసూది పెడితే పోయే జబ్బు అది. ఆ రైతు అందుకు ఒక అదను పోగొట్టుకున్నాడు. అప్పు మాత్రం మిగిలింది.

ఇందులో మెకానిక్కును ఒక్కణ్ణే నిందించి లాభం లేదు. బండి ఎంతసేపు నడిచి ఆగుతోంది, ఎంతసేపటికి మళ్లీ స్టార్టవుతోంది, మూతి మీద ఏమి కట్టారు అన్నది చెప్పవలసినవారు మనమే. రోగి జబ్బు దాచి వైద్యుణ్ణి తప్పుపట్టరాదు.

అందుచేత బండి ఆగినప్పుడు ఈ వరుసలో చూడండి. చదివిన తరువాత వెనక్కి తిప్పి మళ్లీ చూసుకునే సౌకర్యం అచ్చు పుస్తకానికి ఉంది గనుక, బండి దగ్గరే పెట్టుకుని చూసినా తప్పులేదు.

మొదటిది, డీజిల్ ఉన్నదా? ముల్లును నమ్మకండి. శుభ్రమైన పుల్ల పెట్టి చూడండి. ఇంజను ఆపడానికి లాగే కడ్డీ పూర్తిగా లోపలికి పోయిందా చూడండి. సగం బయట ఉండిపోతే ఎంత సెల్ఫు కొట్టినా బండి పలకదు, బ్యాటరీ మాత్రం దిగిపోతుంది. ట్యాంకు కొళాయి తెరిచి ఉందా చూడండి. ఇవి చిన్న మాటలే గాని, పెద్ద మెకానిక్కులు కూడా మొదట వీటినే చూస్తారు.

రెండవది, మూత. బండి ఆగిన వెంటనే మూత వదులు చేసి చెవి పెట్టి వినండి. బుస్సుమంటే జబ్బు దొరికినట్లే. బెజ్జం శుభ్రం చేయండి. మూత పోయినట్లయితే అదే బండికి తగిన మూత కొని బిగించండి. గుడ్డ పీలిక, పాలిథిన్ కవరు, కొబ్బరి పీచు మూతకు బదులు పనికిరావు.

మూడవది, నీరు. మడ్డి గిన్నె గాని, ఫిల్టరు అడుగున ఉన్న మర గాని వదులు చేసి, గాజు సీసాలోకి కొంచెం డీజిల్ పట్టండి. అరగంట కదల్చకుండా ఉంచండి. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములే తూగుతుంది. నీరు అంతకన్న బరువు గనుక అడుగున విడిగా నిలుస్తుంది. డీజిల్ తేటగా మెరవాలి. మజ్జిగ తేటలా మసకగా ఉంటే నీరు కలిసిందని అర్థం. నల్లని జిగురు వంటిది కనబడితే నీరు చాలాకాలంగా నిలిచి, అందులో సూక్ష్మజీవులు పెరిగినట్లు. అప్పుడు గిన్నె కడిగితే చాలదు, ట్యాంకునే దించి కడగాలి.

నీరు పోయకుండా నీరెక్కడిది అంటారేమో. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవి. పగలంతా కాగిన ట్యాంకు రాత్రి చల్లబడుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి చెమ్మ గాలి చేరి, రేకుకు చెమటలా పట్టి డీజిల్‌లోకి జారుతుంది. దీనికి ఉపాయం సులువు. డీజిల్ పొద్దున కాక సాయంత్రం, పని ముగియగానే పోయండి. నిండిన ట్యాంకులో చెమ్మకు చోటుండదు. పొద్దున బండి కదల్చక మునుపే మర వదులు చేసి నాలుగు చుక్కలు వదలండి.

నాలుగవది, ఫీడ్ పంపు. ఫిల్టరుకు డీజిల్ తెచ్చే గొట్టాన్ని ఫిల్టరు దగ్గర విప్పి, ఫీడ్ పంపు చేతి మీటను ఆడించండి. ధార బలంగా కొట్టాలి. మీటకు బిగువే తగలకపోతే కంగారుపడకండి. లోపలి ఇరుసు మిట్ట అడ్డంగా నిలిచి ఉండవచ్చు. ఇంజనును కొద్దిగా తిప్పి మళ్లీ ఆడించండి. అప్పటికీ ధార లేకపోతే ఆ గొట్టం తిరిగి బిగించి, ఈసారి ట్యాంకు వైపు గొట్టం విప్పి చూడండి. అక్కడ డీజిల్ ధారగా దిగుతుంటే జబ్బు ఫీడ్ పంపుది. అక్కడే దిగకపోతే జబ్బు ట్యాంకుది. అడుగున ఆకులు, గుడ్డ పోగులు, రంగు పెచ్చులు కొళాయి నోటికి అడ్డం పడి ఉంటాయి.

ఇక్కడే మరొక సంగతి. ఇంజను ఆయిలు కొలిచే కడ్డీ తీసి చూడండి. ఆయిలు పోయకుండానే మట్టం పెరిగి, డీజిల్ వాసన వేస్తూ పలచబడి ఉంటే, ఫీడ్ పంపు లోపలి తోలు వంటి డయాఫ్రం చిరిగి గాని, పెద్ద పంపు సీలు కారి గాని డీజిల్ ఆయిలులో కలుస్తోందన్నమాట. ఆ బండిని ఇక ఒక్క చాలు కూడా నడపకండి. పలచబడిన ఆయిలుతో నడిపితే బేరింగులు పోతాయి, అప్పుడు మొత్తం ఇంజనుకే ముప్పు.

అయిదవది, ఫిల్టరు. బండి ఖాళీగా బాగానే తిరిగి, గొర్రు వేయగానే గాని, ట్రక్కుతో మిట్ట ఎక్కేటప్పుడు గాని బలం చాలక కుంగిపోతే ఫిల్టరు మూసుకుపోయిందని మొదట అనుమానించండి. మామూలు తిరుగుడుకు చాలిన డీజిల్ బరువుకు చాలదు. కాగితపు ఫిల్టరును కడిగి మళ్లీ వేయరాదు. కడిగితే మురికి పోదు, కాగితం చిరిగి పూర్వపు మురికి కూడా పంపులోకి పోతుంది. తయారీదారు పుస్తకంలో రాసిన గంటల ప్రకారం మార్చండి. కొత్త ఫిల్టరుకు కొత్త రబ్బరు వాషరు వేయండి. సంచీలో చుట్టని, అట్టపెట్టె లేని, చవక ఫిల్టరు కొని వేల రూపాయల పంపును పణం పెట్టకండి.

ఆరవది, గాలి. పాత బండ్లలో తరచు కనబడే జబ్బు ఇదే. నీరు ఎక్కే మోటారు పైపులో గాలి పడితే ధార ఎలా తెగుతుందో, డీజిల్ గొట్టంలో గాలి పడితే అలాగే తెగుతుంది. గాలిని ఎంత నొక్కినా అది నలుగుతుందే గాని నాజిల్‌ను తెరవలేదు. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినా, ఫిల్టరు మార్చినా గాలి చేరుతుంది. ఏమీ చేయకుండానే మాటిమాటికీ గాలి పడుతుంటే ఎక్కడో ఒక సందు ఉన్నట్లు. ఫీడ్ పంపు వెనకవైపు, అంటే ట్యాంకు వైపు, గొట్టంలో లాగుడు ఉంటుంది గనుక అక్కడి సందులోంచి డీజిల్ బయటకు కారకుండా, గాలి లోపలికి పోతుంది. కంటికి ఏమీ కనబడదు. మన ఎండలకు రబ్బరు గొట్టాలు గట్టిబడి సన్నని పగుళ్లు తీస్తాయి. గొట్టాన్ని వంచి చూస్తే పగుళ్లు కనబడతాయి. అతుకుల దగ్గర గ్రీజు పట్టించి నడిపి చూడండి. గ్రీజు పట్టించాక జబ్బు తగ్గితే సందు అక్కడే. రాగి వాషరు పాతదయి గట్టిపడితే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. వీలుంటే కొత్తదే వేయండి.

గాలి తీసే పద్ధతి చెబుతాను. ముందు ఫిల్టరు, పంపు, నాజిళ్ల చుట్టూ దుమ్మంతా తుడవండి. ఫిల్టరు నెత్తిన ఉన్న గాలి మర రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు మీట ఆడించండి. మొదట నురగ, తరువాత బుడగలు, చివరకు బుడగ లేని తేట డీజిల్ వస్తుంది. డీజిల్ వస్తుండగానే మర బిగించండి. రెండు ఫిల్టర్లుంటే ట్యాంకు వైపు దానితో మొదలుపెట్టండి. తరువాత పెద్ద పంపు మీది గాలి మరకు అదే పని చేయండి. ఇంతటితోనే చాలా బండ్లు పలుకుతాయి. పలకకపోతే నాజిళ్ల దగ్గర ఇనుప గొట్టాల నట్లు అర చుట్టు మాత్రం వదులు చేసి, ఎక్సిలేటరు పూర్తిగా ఇచ్చి, సెల్ఫు కొట్టండి. నట్టు సందున డీజిల్ చిమ్మడం మొదలవగానే ఒక్కొక్కటే బిగించండి. సెల్ఫు ఏకబిగిన కొట్టకండి. కొద్ది క్షణాలు కొట్టి, కాస్త ఆగి మళ్లీ కొట్టండి. లేకపోతే సెల్ఫు మోటారు కాలుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. దీనిని మనసులో గట్టిగా పెట్టుకోండి. ఇంజను తిరుగుతుండగా నాజిల్ గొట్టం కారుతున్నదా అని వేలు పెట్టి తడమరాదు. అంత ఒత్తిడితో చిమ్మే డీజిల్ సూది వలె చర్మంలో దూరుతుంది. పైకి చిన్న చుక్క గాయమే కనబడుతుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండదు. లోపల మాత్రం కండ కుళ్లి వేలు, ఒక్కొక్కప్పుడు చెయ్యి తీసేయవలసి వస్తుంది. అటువంటిది జరిగితే పసుపు పెట్టి కట్టు కట్టి ఊరుకోకండి. అదే గంటలో పెద్దాసుపత్రికి పోయి, డీజిల్ ఒత్తిడితో లోపలికి దూరిందని డాక్టరుగారికి స్పష్టంగా చెప్పండి. కారుడు చూడవలసి వస్తే అట్టముక్క అడ్డం పెట్టి దూరం నుంచి చూడండి. డీజిల్ పని చేసేచోట బీడీ, చుట్ట వద్దు. వేడి పొగగొట్టం మీద డీజిల్ పడితే వెంటనే తుడవండి.

ఇంతవరకు అన్నీ సరిగా ఉంటే ఇప్పుడు నాజిల్ దగ్గరకు రావచ్చు. బండి ఒక సిలిండరు తప్పి కుంటుతూ నడుస్తుంటే, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కొక్క నాజిల్ గొట్టం నట్టు అర చుట్టు వదులు చేసి వెంటనే బిగించండి. మంచి నాజిల్ దగ్గర వదులు చేస్తే ఇంజను చప్పుడు మారి మరింత కుంటుతుంది. ఏ నాజిల్ దగ్గర వదులు చేసినా చేయకపోయినా చప్పుడు ఒకే తీరుగా ఉన్నదో, జబ్బు ఆ సిలిండరుదే. ఆ ఒక్క నాజిల్‌నే విప్పించి పరీక్ష యంత్రం మీద చూపించండి. అన్నీ మార్చవలసిన పని లేదు.

పొగ రంగు కూడా మాట్లాడుతుంది. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువై గాలి చాలడం లేదన్నమాట. ముందు గాలి వడబోసే ఎయిర్ క్లీనరు చూడండి. మన దుమ్ముకు అది త్వరగా పూడిపోతుంది. అది శుభ్రంగా ఉండీ నల్లపొగ తగ్గకపోతే నాజిల్ చిమ్మడం మాని కారుస్తోందేమో చూపించండి. తెల్ల పొగ వస్తే డీజిల్ మండకుండా పోతోంది, లేదా నీరు కలిసింది. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు మండుతోంది. అది డీజిల్ బాట జబ్బు కాదు, పంపు విప్పించి డబ్బు పోగొట్టుకోకండి.

మరి పంపు నిజంగా పోదా? పోతుంది. గుండ్రటి రోటరీ పంపు ఉన్న బండి చల్లగా ఉన్నప్పుడు తేలికగా స్టార్టయి, వేడెక్కి ఆపిన తరువాత ఎంత కొట్టినా పలకక, పూర్తిగా చల్లారితే మళ్లీ పలికితే పంపు లోపల అరిగిందని అనుమానించవచ్చు. వేడికి డీజిల్ పలచబడి అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. ఇదీ మూత జబ్బూ చూడడానికి ఒకేలా ఉంటాయి. తేడా చెప్పేది మూతే. మూత తీసి పక్కన పెట్టి నడిపినా జబ్బు పోకపోతేనే పంపు వైపు చూడండి. కొందరు వేడి పంపు మీద చల్లని నీళ్లు గుమ్మరిస్తారు. అది ప్రమాదం, లోపలి భాగాలు పట్టేస్తాయి. పంపు సీలు మాత్రం చెట్టు కింద విప్పనివ్వకండి. కొలిచి సరిచేసే యంత్రం ఉన్న చోటికే పంపండి. సీలు తెంచి డీజిల్ పెంచితే బలం పెరుగుతుందనే మాట వినకండి. పెరిగేది నల్లపొగ, ఖర్చు.

చివరగా డీజిల్ తెచ్చుకునే పద్ధతి. జబ్బులకు విత్తనం పడేది ఇక్కడే. మిరప మందుల డబ్బాలు కడిగి డీజిల్ తెచ్చే అలవాటు మానండి. మందు మడ్డి పంపుకు చేటు, మీ చేతులకు చేటు. జింకు పూత పూసిన డబ్బాలో డీజిల్ నిలవ పెట్టరాదు. జింకు డీజిల్‌తో కలిసి జిగురు పుట్టిస్తుంది. శుభ్రమైన ఇనుప డ్రమ్ము గాని, డీజిల్‌కే ఉంచిన డబ్బా గాని వాడండి. డ్రమ్ము నిలవ ఉంచితే ఒక రోజు కదల్చకుండా ఉంచి, అడుగు నాలుగు వేళ్లు వదిలి పైది తీయండి. గరాటుకు సన్నని జల్లెడ ఉండాలి. నూలు పోగులూడే గుడ్డతో వడకట్టకండి. ట్యాంకు మూతి జల్లెడ డీజిల్ త్వరగా దిగడం లేదని పొడిచి చింపేవారున్నారు. ఆ నిమిషం ఆదా తరువాత నాలుగు రోజులు తీసుకుంటుంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా గంధకం బాగా తగ్గించిన బి.ఎస్. 6 డీజిల్ వస్తున్నది. పాత పంపుకు కందెన చాలదేమోనని కొందరు అందులో ఇంజను ఆయిలు కలుపుతున్నారు. అక్కరలేదు. కందెన గుణం కూడా డీజిల్ ప్రమాణాల్లోనే ఉంది. నమ్మకమైన బంకులో కొని, శుభ్రంగా పోయడమే మీ వంతు.

రోజూ పొద్దున నాలుగు చుక్కల నీరు వదలండి. వారానికి ఒకసారి మూత బెజ్జంలో సూది ఆడించి, గొట్టాలు వంచి చూడండి. తొలకరికి ముందు, అదను రాకముందే, ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చి, కొత్త రబ్బరు గొట్టం వేయండి. ఒక ఫిల్టరు, నాలుగు రాగి వాషర్లు, రెండు పానాలు, ఒక గాజు సీసా బండి పెట్టెలోనే ఉంచండి. బండి ఎప్పుడు, ఎంతసేపు నడిచి ఆగింది అన్నది పాత నోటుపుస్తకంలో రాసి పెట్టండి. మెకానిక్కుకు అదే సగం వైద్యం.

ఆ కౌలు రైతు మరుసటి ఏడు కూడా అదే బండితో పత్తి వేశాడు. కొత్త మూత కొన్నాడు. దాని బెజ్జానికి సరిపోయే గుండుసూదిని మూత పక్కనే దారంతో కట్టి ఉంచాడు. నేను వెళ్లినప్పుడు విత్తనం పెడుతున్నాడు. బండి ఆపి పలకరించబోతే, "ఇప్పుడు కాదండి, అదను పోతుంది, సాయంత్రం రండి" అన్నాడు. అంతకన్న సంతోషకరమైన మాట నేను వినలేదు. మీ బండ్లు కూడా అదనులో ఆగకుండా నడవవలెనని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.